అసెంబ్లీ బల్ల మీద ఆకురాయి ఉండకూడదు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఆటోనగర్‌లో ట్రాలీ షాకిల్ బ్రాకెట్లు (కమానును బండికి తగిలించే ఇనుప పట్లు) బుష్ (పిన్ను తిరిగే చిన్న గొట్టం) వేసి, పిన్నులు విడిగా, అయిదేసి వందలు చేస్తానంటున్నావని అక్కయ్య చెప్పింది. మంచిదే. ఒక్క బండికైతే బుష్‌ని బట్టి పిన్ను అరగదీస్తాం. ఇక్కడ అది కుదరదు. గుంటూరులో కొన్న పిన్ను ఏలూరులో ఉన్న బ్రాకెట్‌లో నేరుగా దిగాలి. 1908లో ఇంగ్లండులో మూడు కాడిలాక్ కార్లు విప్పేసి, సామాను కలగలిపి, స్పానర్లు, స్క్రూడ్రైవర్లతోనే మళ్ళీ బిగించి 500 మైళ్ళు నడిపారు. నీ సరుకు అలా ఉండాలి.

డ్రాయింగులో వట్టి ‘25’ అని రాయకు. రంధ్రం 25.000 నుంచి 25.021, పిన్ను 24.959 నుంచి 24.980 మి.మీ. అని రాయి. అప్పుడు ఏ రెండు కలిసినా ఖాళీ 20 మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు) తగ్గదు, 62 దాటదు. రంధ్రానికి ప్లగ్ గేజి, అంటే రెండు చివరలూ వేర్వేరు సైజుల్లో ఉండే కొలత కడ్డీ, కొను: గో వైపు దూరాలి, నో-గో వైపు దూరకూడదు. వెర్నియర్ (జారే కొలబద్ద) తో కానివ్వకు, దాని ఒక్క గీతే 20 మైక్రాన్లు, నీకున్న వెసులుబాటు మొత్తం 21.

బుష్‌ని ముందే సైజు చేసి ప్రెస్ చేస్తే రంధ్రం ముడుచుకుంటుంది. కాస్త తక్కువ ఉంచి, ప్రెస్ చేశాకే రీమర్ (రంధ్రాన్ని సరిగ్గా సైజుకు కోసే పనిముట్టు) తిప్పించు. లేత్ నుంచి తీసిన వేడి పిన్ను కొలవనీయకు. గేజి కన్నా 20 డిగ్రీలు వేడిగా ఉంటే దాదాపు 6 మైక్రాన్లు లావు చూపిస్తుంది, చల్లారాక సన్నబడి రిజెక్టవుతుంది. లేత్ మీద కోసే టూలు అరిగేకొద్దీ మాత్రం పిన్నులు లావెక్కుతాయి. ఇరవైకొకటి చూడు, తప్పు దొరికితే వెనక ఇరవై మొత్తం కొలువు. జిగ్గులో (ముక్కను పట్టి ఉంచి డ్రిల్లుకు దారి చూపే చట్రం) లొకేటర్ (ముక్క ఆనే చోటు) కింద ఇనుప రజను చేరినా రంధ్రం పక్కకి పోతుంది. ముక్క మారినప్పుడల్లా బ్రష్ కొట్టాలి.

ఇక మనుషులు. అమెరికాలో కార్లు చేసే ఫోర్డ్ కదిలే లైను పెట్టి పన్నెండున్నర గంటల చాసిస్ అసెంబ్లీని గంటన్నరకు తెచ్చాడు. కానీ 1913లో ఒక్కో ఉద్యోగానికి సగటున మూడు నాలుగు సార్లు కొత్తవాణ్ణి వెతుక్కోవాల్సి వచ్చింది. 1914 జనవరిలో రోజుకు అయిదు డాలర్లు ప్రకటించింది అందుకే, దయతో కాదు. నీ కుర్రాళ్ళను రెండు గంటలకోసారి మిషను మార్చు. పీసు రేటు గేజి దాటిన ముక్కలకే ఇవ్వు, లేకపోతే నో-గోని కూడా బలంగా తోసేస్తారు. పాత ఫిట్టర్‌ని పంపేయకు. జిగ్గులు చేసేది, గేజి అరిగిందని పసిగట్టేది ఆయనే.

యాభై ముక్కల ఆర్డరుకు మాత్రం జిగ్గు కట్టకు, మార్కింగ్ చేసి డ్రిల్లు వేయించు. డ్రాయింగు వాట్సాప్‌లో పంపు, మెటీరియల్ కొనకముందే.

మీ మామయ్య