«హార్డ్ టు బీ ఎ గాడ్» చూసే ముందు నవల చదవాలా?

అలెక్సేయ్ గెర్మన్ తీసిన రష్యన్ చిత్రం «హార్డ్ టు బీ ఎ గాడ్» గంటసేపు చూసినా కథ పట్టుబడలేదనీ, ముందు నవల చదవాలా లేక ఇంతటితో వదిలేయవచ్చా అనీ మీరు అడిగారు. నవల చదివిన తర్వాతే చూడండని నా సలహా. మామూలుగా నేను ఏ సినిమా గురించీ ఈ మాట అనను. పుస్తకం చేతిలో ఉంటే తప్ప అర్థం కాని సినిమా సగం సినిమాయేనని వాదించే మనిషిని. ఆ వాదన ఈ ఒక్క చిత్రం దగ్గర చెల్లలేదు.

మొదటిసారి నేను 40 నిమిషాలకే ఆపేశాను. ఇది భూమి కాదనీ, 800 ఏళ్ళు వెనకబడిన మరో గ్రహమనీ మొదట్లో ఒక గొంతు చెప్పి తప్పుకుంటుంది. ఆ తర్వాత నలుపు తెలుపుల్లో వానా, బురదా, ఉమ్మూ, చీమిడీ, కెమెరాకు అడ్డంగా వేలాడే వస్తువులూ తప్ప, ఎవరు ఎవరితో దేని గురించి మాట్లాడుతున్నారో తెలియదు. దారినపోయేవాడు ఉన్నట్టుండి ఆగి నేరుగా మన కళ్ళలోకి చూస్తాడు. (భోజనం చేస్తూ మాత్రం చూడకండి.)

కొన్ని నెలల తర్వాత నవల చదివాను. స్ట్రుగాట్‌స్కీ సోదరులు 1964లో ప్రచురించిన ఈ నవలలో భూమి నుంచి వచ్చిన చరిత్రకారుడు ఆంటోన్, అర్కనార్ రాజ్యంలో డాన్ రుమాతా అనే ప్రభువు వేషంలో ఉంటాడు. చూడటమే అతని పని, జోక్యం చేసుకోకూడదు. అక్కడ మంత్రి డాన్ రెబా చదువు వచ్చినవాళ్ళను వేటాడి చంపిస్తుంటాడు. ముస్కటీర్ల కత్తియుద్ధాల కథలా సరదాగా సాగాల్సిన పుస్తకాన్ని, 1962 చివర కళాకారుల మీద సోవియట్ అధినేత క్రుశ్చేవ్ విరుచుకుపడ్డాక రచయితలు ఈ దారికి మళ్ళించారు. రెబా పేరు మొదట రెబియా అట. అక్షరాలు అటూ ఇటూ చేస్తే స్టాలిన్ రహస్య పోలీసు అధిపతి బేరియా పేరు అవుతుందని తోటి రచయిత ఒకరు హెచ్చరించడంతో మార్చారు. విశాలాంధ్ర దుకాణంలో కొన్న సోవియట్ పుస్తకాలతో పెరిగిన నాకు, ఇందులోని భూమి బాగా తెలిసిన చోటే: కష్టాలు తీరిపోయి, మనుషులు మంచివాళ్ళుగా ఉండే భవిష్యత్తు.

గెర్మన్ చెరిపేసింది సరిగ్గా ఆ భూమినే. నవల మొదట్లో పిల్లలు అడవిలో ఆడుకుంటారు, చివర్లో ఆంటోన్ ఇంటికి తిరిగివస్తాడు. అతని వేళ్ళ మీది ఎర్ర మరకలు చూసి స్నేహితురాలు ఉలిక్కిపడుతుంది, కానీ అవి స్ట్రాబెర్రీ రసం మరకలు. సినిమాలో ఆ పిల్లలు లేరు, తిరిగి రావడమూ లేదు. రుమాతా అక్కడే మంచులో ఉండిపోతాడు. దేవుడు ఎదురైతే ఏమి కోరాలనే విషయం మీద వైద్యుడు బుదాఖ్‌తో అతను జరిపే సంభాషణ నవలకు గుండెకాయ లాంటిది. సినిమాలో అది చుట్టూ ఉన్న రొదలో దాదాపు మునిగిపోతుంది, మొదటిసారి నేను అక్కడిదాకా వెళ్ళి ఉన్నా దాన్ని పట్టుకోగలిగేవాణ్ణి కాదు. కథ ముందే తెలిసి కూర్చున్న రెండోసారి, దాని కోసం వెతుక్కునే పని తప్పింది కాబట్టి, ఆ మురికిలో ఏళ్ళ తరబడి ఉన్న మనిషి మొహం మీద పెరుగుతున్న విసుగునూ, చుట్టూ ఉన్నవాళ్ళ ముక్కులు పిండే అలవాటు అతనికీ అంటుకోవడాన్నీ చూడగలిగాను. నవల రుమాతా ఆలోచనల్లోకి మనల్ని తీసుకెళ్తుంది, సినిమా అతని పక్కన బురదలో నిలబెడుతుంది.

ఈ తేడాకు కాలం కూడా కొంత కారణమని నా అనుమానం. 1968లో గెర్మన్ దీన్ని తీయబోతుండగా సోవియట్ ట్యాంకులు చెకొస్లొవేకియాలోకి వెళ్ళాయి, ఆ ప్రయత్నం అక్కడితో ఆగిపోయింది. చివరికి 2000లో చిత్రీకరణ మొదలై ఆరేళ్ళు సాగింది. ధ్వని పని పూర్తికాకుండానే 2013 ఫిబ్రవరిలో ఆయన చనిపోతే, భార్య స్వెత్లానా కర్మలితా, కొడుకు కలిసి ముగించారు. 1964 నాటి ఆశను అప్పటికి ఎవరు మాత్రం నమ్ముతారు?

ఇంగ్లీషులో చదివేటట్లయితే 2014లో వచ్చిన ఒలేనా బోర్మషెంకో అనువాదం తీసుకోండి. 1973 నాటి పాత అనువాదం రష్యన్ నుంచి కాక జర్మన్ నుంచి చేసింది. సినిమా నిడివి మూడు గంటలకు మూడు నిమిషాలు తక్కువ, కనుక సెలవు రోజు చూసుకోండి.