17 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ దొరకట్లేదు, ఏం చేయాలి?

ప్రశ్న: మా నాన్నగారి పాత ఆంప్లిఫయర్‌లో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. దాని మీద 17 వోల్టులు, 2 ఆంపియర్లు అని ఉంది. కోఠి గుజరాతీ గల్లీ అంతా తిరిగాను, 15 ఉంది, 18 ఉంది, 17 లేదు. 18 పెట్టేయమంటున్నారు. పోనీ నేనే చుట్టుకోనా?
- ఓ పాఠకుడు, మౌలాలి

జవాబు: చుట్టుకోండి, కానీ సగమే. 18 పెట్టే ముందు లోపలి పెద్ద కెపాసిటర్ చూడండి, 25 వోల్టులదైతే మాత్రం వద్దు. 18 వోల్టులది లోడ్ లేనప్పుడు (అంటే దాని నుంచి ఏదీ కరెంటు లాగనప్పుడు) 19, 20 ఇస్తుంది, అది డయోడ్లు దాటి కెపాసిటర్ దగ్గరికొచ్చేసరికి 25 దాటిపోతుంది.

230 వోల్టుల వైపు (దీన్నే ప్రైమరీ అంటారు) వెయ్యికి పైగా చుట్లుంటాయి, తీగ సన్నం, ఒక్కచోట తీగ మీది ఎనామిల్ పూత గీసుకుపోయి పక్క చుట్టుకి తగిలినా మొత్తం కాలుతుంది. మొదటిసారి చేసేవాళ్లు దాని జోలికి పోవద్దు. బాగా పనిచేసే పాత 12 వోల్టులు, 5 ఆంపియర్లది కొని, ప్రైమరీ అలాగే ఉంచి సెకండరీ (తక్కువ వోల్టులు వచ్చే వైపు చుట్లు) ఒక్కటే మార్చండి. విప్పకముందే లోడ్ లేకుండా ఎన్ని వోల్టులొస్తున్నాయో రాసుకోండి, ప్లగ్గు తీసేశాక ఇనుప పట్టీలు ఊడదీయండి (వార్నిష్ పట్టేసి మొదటి పట్టీ ఏడిపిస్తుంది, సన్నటి చాకుతో మెల్లగా లేపితే తర్వాతవి వాటంతటవే వస్తాయి). సెకండరీ తీగ విప్పేటప్పుడు ఒక్కో చుట్టూ లెక్కపెట్టండి, అసలు కీలకం ఇక్కడే ఉంది. ఉదాహరణకి 12.6 వోల్టులకి 63 చుట్లు వచ్చాయనుకోండి, వోల్టుకి 5. మీకు 17కి 85 చాలవు, లోడ్ పడితే వోల్టేజి తగ్గుతుంది కాబట్టి 5 శాతం కలిపి 89 వేయండి. 2 ఆంపియర్లకి 19 గేజి తీగ సరిపోతుంది, పాతదానికన్నా సన్నం కాబట్టి ఖాళీలో తేలిగ్గా పడుతుంది.

ప్రైమరీకి సెకండరీకి మధ్య ఉన్న కాగితం ఏమాత్రం నలిగినా కొత్తది వేయండి, కరెంటు మనిషి దాకా రాకుండా ఆపేది అదే. పట్టీలు ఒకటి ఇటు నుంచి, ఒకటి అటు నుంచి దూర్చి గట్టిగా బిగించండి, వదులైతే గుయ్‌మంటుంది. మొదటిసారి ప్రైమరీకి వెళ్లే ఒక తీగ మధ్యలో 60 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు సిరీస్‌లో పెట్టి ఆన్ చేయండి. బల్బు బాగా వెలిగితే ఎక్కడో ఒక చుట్టు షార్టయినట్టే, వెంటనే ఆపేసి మళ్లీ విప్పండి. వెలగకపోతే సెకండరీలో 18కి కాస్త తక్కువ చూపించాలి. ఆంప్లిఫయర్‌లో బిగించాక ఇనుప పట్టీల కోర్‌కి ఎర్త్ వైరు, ప్రైమరీకి అర ఆంపియర్ ఫ్యూజు తప్పనిసరి.