సావనీరు రాసే ముందు

చెల్లీ,

సిస్టరమ్మలు నడిపే మన పిల్లల హోమ్ చరిత్ర సావనీరుకి నిన్ను రాయమన్నారట. ఫోన్లో చెబితే సగం మర్చిపోతాను, అందుకే ఈ ఉత్తరం.

శంకుస్థాపన ఫొటోతో మొదలుపెట్టకు. బిషపు గారి పేరు, మదర్ల పేర్లు, దాతల పేర్లు ఎలాగూ గోడ మీద రాతిపలకలో ఉన్నాయి. ముందు అడ్మిషన్ రిజిస్టరు తెరువు. ఏ ఏడాది పేజీలు గబగబా నిండాయో చూడు. మన దగ్గర 1977 చివర్లో నిండాయి. ఆ నవంబరు 19న దివిసీమ ఉప్పెన. ఆ పేజీల్లో నేనూ ఉన్నాను. నా పుట్టినతేదీ జనవరి 1 అని ఉంటుంది. బళ్లో చేర్చడానికి ఒక సిస్టరమ్మ వేసిన తేదీ అది. కాబట్టి రిజిస్టరులో ఉన్నదంతా నిజమనుకోకు. విచారణ గురువుల దగ్గర, అంటే మన చర్చి ఫాదర్ గారి దగ్గర, జ్ఞానస్నానాల పుస్తకం ఉంటుంది, రెండూ పక్కపక్కన పెట్టి చూడు. లక్ష్మి పేరు మేరీగా మారిన చోట ఆగు. దాచొద్దు, తిట్టనూ వద్దు. ఎవరు మార్చమన్నారో తెలిస్తే అది రాయి.

'అనాథలు' అని ఊరికే రాసెయ్యకు. మాలో చాలామందికి తల్లో తండ్రో ఉన్నారు. కూలికి పోతూ పెంచలేక వదిలినవాళ్లు. క్రిస్మస్‌కి బిస్కెట్ పొట్లం పట్టుకుని గేటు దగ్గర నిలబడేవాళ్లు.

ఇక సమాధుల తోట, హోమ్‌లో పోయిన పిల్లల సంగతి. ఇక్కడే నీకు టెన్షన్. ఐర్లండ్‌లో ట్యూమ్ అనే ఊళ్లో కన్యస్త్రీలు 1925 నుంచి 1961 దాకా తల్లీబిడ్డల హోమ్ నడిపారు. క్యాథరిన్ కోర్లెస్ అనే ఆవిడ ఆ హోమ్ చరిత్ర రాద్దామని కూర్చుని, అక్కడ చనిపోయిన 796 మంది పిల్లల మరణ ధ్రువపత్రాలు తీయించింది. ఖననం జరిగినట్టు రికార్డులు మాత్రం దాదాపు లేవు. 2017లో విచారణ కమిషన్ భూగర్భ గదుల్లో పసిపిల్లల అవశేషాలున్నాయని తేల్చింది. చిన్నప్పుడు ఆ హోమ్ పిల్లకి ఉత్త చాక్లెట్ కాగితం మడిచి ఇచ్చి ఆట పట్టించానని కూడా ఆవిడే చెప్పుకుంది. నాకైతే ఆ కాగితమే ఎక్కువ గుర్తుంటుంది. మన హోమ్ అలాంటిదని కాదు, మా సిస్టరమ్మలు రాత్రంతా జ్వరం పిల్లల్ని ఒళ్లో పెట్టుకున్నవాళ్లే. అయినా పోయిన పిల్లల పేర్లకి ఒక పేజీ ఉంచు. వద్దంటే, ఎందుకు వద్దో అడుగు.

ఇప్పుడున్న పిల్లల పేర్లు, ఫొటోలు మాత్రం వెయ్యకు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ఒప్పుకోదు. ఆరు నెలల దాకా జైలు గానీ రెండు లక్షల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు.

రిజిస్టర్లకంటే ముందు మన వంటమ్మను కలువు. ఎవరు ఏ ఏడాది అన్నం ముట్టకుండా ఏడ్చారో ఆమెకే గుర్తు. కుడి చెవి వినపడదు, ఎడమవైపు కూర్చో.

మీ అక్క