క్యాన్సర్ బయాలజీ క్లాసు: కేసుతో మొదలుపెట్టు

చిరంజీవి డాక్టరమ్మకు ఆశీస్సులు.

రేడియేషన్ పీజీలకు క్యాన్సర్ బయాలజీ ఇకమీద నువ్వే చెప్పాలన్నారని, పాత సిలబస్ మొత్తం తీసేయాలనిపిస్తోందని రాశావు. తీసేయకమ్మా. 1975లో రేడియేషన్ శాస్త్రవేత్త విదర్స్ చెప్పిన నాలుగు ‘ఆర్’లు ఇప్పటికీ పనికొచ్చేవే: రేడియేషన్ విడతల మధ్య కణాలు డీఎన్ఏను బాగుచేసుకోవడం (రిపేర్), వాటి విభజన దశలు మారడం (రీడిస్ట్రిబ్యూషన్), అవి మళ్లీ పెరగడం (రీపాపులేషన్), గడ్డకు మళ్లీ ఆక్సిజన్ అందడం (రీఆక్సిజనేషన్). కొత్త సంగతుల్ని వేరే చాప్టర్‌గా పెడితే పిల్లలు పరీక్షకు చదివి వదిలేస్తారు. అందుకే రిపేర్ చెప్పే రోజే డీఎన్ఏను బాగుచేసే బీఆర్‌సీఏ జన్యువుల గురించి, అవి చెడిన క్యాన్సర్లలో మరో రిపేర్ దారినీ మూసేసే పార్ప్ మందుల గురించి చెప్పు. డీఎన్ఏకు తగిలిన దెబ్బను పసిగట్టే ఏటీఎం జన్యువు రెండు కాపీలూ చెడినవాళ్లకు మామూలు డోసు కూడా ఎందుకు ప్రమాదమో అప్పుడే చెప్పు.

ప్రతి క్లాసూ రేడియేషన్ ప్లానింగ్‌కు వచ్చిన ఒక కేసుతో మొదలవ్వాలి. నా దృష్టిలో క్యాన్సర్ తెచ్చే హెచ్‌పీవీ వైరస్‌ను మించిన పాఠం లేదు. హెచ్‌పీవీకి గుర్తుగా చూసే పీ16 ప్రోటీన్ పాజిటివ్ వచ్చిన టాన్సిల్ క్యాన్సర్ రిపోర్టు వాళ్ల ముందు పెట్టు. వైరస్ తాలూకు ఈ6 ప్రోటీన్ కణాల పెరుగుదలను అదుపుచేసే పీ53ని నాశనం చేయిస్తుంది, ఈ7 అలాంటిదే అయిన ఆర్‌బీని పనిచేయనివ్వదు, దాంతో పీ16 పెరుగుతుంది. ఈ గడ్డలు రేడియేషన్‌కు బాగా లొంగుతాయి. “అయితే ట్రీట్‌మెంట్ తగ్గిద్దామా మేడమ్?” అని ఎవరో ఒకరు అడిగే తీరతారు. అప్పుడు ఆర్‌టీఓజీ 1016, డీ-ఎస్కలేట్ అనే రెండు క్లినికల్ ట్రయల్స్ బయటికి తియ్యి. రేడియేషన్‌తో పాటు సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు బదులు సెటుక్సిమాబ్ అనే యాంటీబాడీ మందు ఇస్తే బాధలు తగ్గుతాయని ఆశపడ్డారు. 2018లో ఫలితాలు వచ్చాయి. సెటుక్సిమాబ్ ఇచ్చినవాళ్లలోనే మరణాలు ఎక్కువ. బయాలజీ ఎంత నమ్మకంగా కనిపించినా ట్రయల్ చూడకుండా మందు మార్చకూడదని ఆ గంటలో ఎక్కినట్టు ఇంకెప్పుడూ ఎక్కదు.

వెంటనే మన వార్డుకు తీసుకురా. మన దగ్గర తల, మెడ క్యాన్సర్లలో ఎక్కువ భాగం గుట్కా, ఖైనీ, చుట్టల వల్ల వచ్చేవే. శ్రీకాకుళం వైపు అడ్డపొగ (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకోవడం) తాగే ఆడవాళ్లకు అంగిట్లో వచ్చే క్యాన్సర్‌కు పీ16 లెక్కలు అంటగట్టకూడదు. పీ16ను బట్టి చేసే స్టేజింగ్ టాన్సిళ్లుండే గొంతు భాగానికే (ఓరోఫారింక్స్).

విడత డోసు పెంచితే కణజాలం ఎలా స్పందిస్తుందో చెప్పే ఆల్ఫా-బీటా లెక్కను రొమ్ము క్యాన్సర్‌తో నేర్పు. మూడు వారాల ట్రీట్‌మెంట్ బదులు 26 గ్రేలు (గ్రే అంటే రేడియేషన్ డోసు కొలత) ఐదు రోజుల్లో ఇచ్చినా సరిపోతుందని 2020లో ఫాస్ట్-ఫార్వర్డ్ ట్రయల్ చూపించింది. ఊరి నుంచి వచ్చి గది అద్దెకు తీసుకున్న పేషెంట్‌కు మూడు వారాలకూ ఒక వారానికీ తేడా ఏమిటో నీ పీజీలకు బాగా తెలుసు.

ఇమ్యునోథెరపీకి, ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో కీమో, రేడియేషన్ అయ్యాక దాన్ని ఇచ్చి చూసిన పసిఫిక్ ట్రయల్ ఒక్కటి గట్టిగా చెప్పినా చాలు. కణంలో సందేశాలు సాగే దారుల (సిగ్నలింగ్ పాత్‌వేల) పెద్ద బొమ్మలు మాత్రం వద్దు. ఆ బాణాలు బట్టీ పట్టించడం వల్లే చాలామందికి ఈ సబ్జెక్టంటే భయం.

మొదటి క్లాసుకు పెథాలజిస్టునూ ఫిజిసిస్టునూ తప్పకుండా పిలువు. ఏ కేసు తీసుకుంటున్నావో ముందే పంపితే చూసి చెబుతాను.