హ్యాండిల్ బార్ చెప్పినదానికంటే వెడల్పుగా వస్తే కేసు వేయొచ్చా?

ప్రశ్న: రెండు వారాల కిందట ఆన్‌లైన్‌లో 64 వేల రూపాయలకు మౌంటెన్ బైక్ కొన్నాను. వివరాల్లో హ్యాండిల్ బార్ వెడల్పు 720 మిల్లీమీటర్లు అని ఉంది. ఇంటికొచ్చాక కొలిస్తే 780 ఉంది. నా ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు. గంట తొక్కితే భుజాలు లాగేస్తున్నాయి. అమ్మినవాళ్లు ‘రెండు వైపులా కోయించుకోండి’ అంటున్నారు. కంపెనీవాళ్లేమో కోస్తే వారంటీ ఉండదంటున్నారు. ఏం చేయాలి? - ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ముందు రంపం పక్కన పెట్టండి. ఒకసారి కోస్తే మీ చేతిలోని ముఖ్యమైన సాక్ష్యం పోయినట్టే.

బార్ మీ భుజాలకు నప్పకపోవడం చట్టం దృష్టిలో లోపం కాదు. చెప్పిన కొలత ఒకటి, పంపిన కొలత మరొకటి అయితేనే మీకు హక్కు వస్తుంది. అందుకే వెబ్‌సైట్‌లోని కొలతల పట్టికను మళ్లీ చూడండి. చాలా కంపెనీలు ఫ్రేము సైజును బట్టి బార్ వెడల్పు మారుస్తాయి. స్మాల్‌కు 720, మీడియం, లార్జ్‌లకు 760 లేదా 780 అని వేర్వేరు వరుసల్లో రాస్తాయి. మీరు ఆర్డర్ పెట్టింది మీడియం అయి, చూసిన వరుస స్మాల్‌ది అయితే కేసు నిలవదు. అదే స్మాల్ ఆర్డర్ పెడితే 780 బార్ వచ్చిందనుకోండి, ఫ్రేము మీద సైజు స్టిక్కర్ చూడండి. సైకిలే వేరే సైజు పంపి ఉండొచ్చు. అలాగైతే బార్ మార్చినా భుజాల నొప్పి పోకపోవచ్చు, మొత్తం సైకిలే మార్చమని అడగాలి.

కొలవడంలోనూ పొరపాట్లు జరుగుతాయి. వంపు వెంట టేపు పట్టకూడదు, ఒక చివర నుంచి మరో చివరకు నేరుగా కొలవాలి. గ్రిప్పుల చివరి మూతలు కొన్ని మిల్లీమీటర్లు కలుపుతాయి, వాటిని తీసేసి కొలవండి. టేపు అంకెలు కనిపించేలా, ఫ్రేము కింద చెక్కిన సీరియల్ నంబరుతో పాటు ఫొటోలు తీయండి. వెబ్‌సైట్ పేజీ స్క్రీన్‌షాట్ ఈరోజే తీసి పెట్టుకోండి. నోటీసు అందాక ఆ పేజీ మారిపోవడం మామూలే.

నిజంగానే తేడా ఉందని తేలితే 2020 ఈ-కామర్స్ నిబంధనలు మీ వైపే ఉన్నాయి. ప్రకటించిన లక్షణాలు లేని వస్తువును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదని 6వ నిబంధన చెబుతుంది. ముందు ఆ సైట్ ఫిర్యాదుల అధికారికి ఈమెయిల్ పెట్టండి. 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. ఫోన్‌లో మాట్లాడి సరిపెట్టుకోవద్దు. ‘వివరాలు మారవచ్చు’ అని కింద చిన్న అక్షరాల్లో రాసుకున్నారని చూపిస్తారు. ఆ ఒక్క వాక్యంతో బాధ్యత తీరిపోయిందని వాళ్లు అనుకోవడమే తప్ప, మీరు ఒప్పుకోనక్కర్లేదు.

అక్కడ తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అదీ కాకపోతే మీ జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ ప్రకారం మీరు ఉంటున్న చోటే ఫిర్యాదు వేయొచ్చు, అమ్మకందారు బెంగళూరులో ఉన్నా సరే. చెల్లించిన ధర 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. గడువు రెండేళ్లు. వినియోగదారుల కమిషన్ల ఆన్‌లైన్ పోర్టల్ ఈ-జాగృతి ద్వారా ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. స్క్రీన్‌షాట్లకు భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే సర్టిఫికెట్ జతచేస్తే తర్వాత పేచీ ఉండదు.

అడిగేది మాత్రం కొలతలో ఉండాలి. సరైన బార్ ఇవ్వాలి, లేదా దాని ధర, బిగింపు ఖర్చు, కొంత పరిహారం. బార్ ఒక్కదాని కోసం మానసిక వేదన అంటూ లక్షలు రాస్తే అసలు ఫిర్యాదే తేలికైపోతుంది.

ఇక కోయడం సంగతి. వినియోగదారుల రక్షణ చట్టం 87వ సెక్షన్ ప్రకారం, హాని జరిగే సమయానికి వస్తువును మార్చి ఉంటే అమ్మకందారుపై ఉత్పత్తి బాధ్యత దావా (వస్తువు వల్ల జరిగిన హానికి పరిహారం కోరే దావా) నడవదు. రేపు బార్ విరిగి పళ్లు ఊడినా ‘మీరే కోశారు’ అంటారు. అమ్మినవాళ్లు కోసుకోమన్నారు కదా, ఆ మాటే ఈమెయిల్‌లో రాయించండి. బార్ చివర్లలో కోత గీతలు ఉన్నాయా, ఎంతవరకు కోయొచ్చని మాన్యువల్‌లో ఉందో చూడండి. ఆ పరిధిలోనే కోస్తే వారంటీ పోదని కంపెనీతో లిఖితపూర్వకంగా ఒప్పించడం తేలిక.

ఈలోగా నిజంగా ఎంత వెడల్పు కావాలో కోయకుండానే తేల్చుకోవచ్చు. గ్రిప్పులు, బ్రేక్ లివర్లు, గేర్ షిఫ్టర్లు ఒక్కో వైపు 10 మిల్లీమీటర్లు లోపలికి జరిపి వారం తొక్కండి. తర్వాత ఇంకో పది. మీ ఎత్తువాళ్లకు సాధారణంగా 720 నుంచి 760 మధ్య కుదురుతుంది. మరీ ఇరుకైతే రాళ్ల దారిలో ముందు చక్రం చేతిలో నిలవదు, అందుకే ఒక్కసారిగా 60 మిల్లీమీటర్లు తగ్గించొద్దు. బయటికి మిగిలిన బార్ కొసలు పొదలకు తగులుతాయి, మూతలు పెట్టుకోండి.

కొత్త బార్ పంపితే బిగించే ముందు మధ్యభాగం వ్యాసం చూడండి. బార్‌ను పట్టి ఉంచే స్టెమ్ 31.8 మిల్లీమీటర్లది అయి, బార్ 35 మిల్లీమీటర్లది వస్తే పట్టదు. అది కూడా వాళ్ల తప్పిదం కిందే వస్తుంది, అదే ఫిర్యాదులో కలపండి. పాత బార్ రసీదు లేకుండా వెనక్కి ఇవ్వకండి.