క్లాసు కోసం పుస్తకంలో పేజీలు జిరాక్స్ తీసి ఇవ్వొచ్చా?

మీరు అడిగింది: విశాఖలో డిగ్రీ కాలేజీలో చెబుతున్నాను, రిఫరెన్స్ పుస్తకంలోని ఒక అధ్యాయం జిరాక్స్ తీయించి పిల్లలకు పంచితే కాపీరైట్ కేసు అవుతుందా అని.

అవ్వదు, టెన్షన్ పడకండి. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ప్రకారం, పాఠం చెప్పే క్రమంలో టీచరుగానీ విద్యార్థిగానీ కాపీ తీసుకుంటే ఉల్లంఘన కాదు. ప్రశ్నపత్రంలో వాడినా అంతే. ఢిల్లీ యూనివర్సిటీ ఆవరణలోని జిరాక్స్ షాపు మీద పెద్ద పెద్ద ప్రచురణకర్తలు 2012లో దావా వేశారు. సిలబస్‌లోని పేజీలతో కోర్స్ ప్యాక్‌లు కుట్టి అమ్ముతోందని వాళ్ల గొడవ. 2016లో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచ్ (ఇద్దరు జడ్జీల ధర్మాసనం) పేజీల లెక్క చూడలేదు. బోధనకు ఎంత అవసరమో అంతే తీశారా అన్నదే చూడమంది.

అలాగని ద్వారకానగర్ కోచింగ్ సెంటర్లలా ఎవరిదో మెటీరియల్‌కి సొంత అట్ట వేసి, లోగో కొట్టి అమ్మితే ఈ మినహాయింపు కాపాడుతుందని నేననుకోను. పుస్తకం మొత్తం పీడీఎఫ్ చేసి టెలిగ్రామ్‌లో అందరికీ వదలడమూ అంతే, అది క్లాసు కాదు కదా!

గురజాడ రచనలైతే అసలు బెంగే లేదు. రచయిత పోయాక 60 ఏళ్ల వరకే హక్కు, ఆయన పోయింది 1915లో. కొత్త ముద్రణల్లోని ముందుమాటలకు, వివరణలకు మాత్రం విడిగా హక్కులుంటాయి.