తొలి నవల, తొలి సంతకం

ప్రశ్న: నమస్కారమండీ. మాది గుంటూరు, బ్రాడీపేట. నా వయసు 23. మూడేళ్లుగా ఒక ఫాంటసీ నవల రాస్తున్నాను. ఉండవల్లి గుహల్లో మొదలై, కృష్ణానది అడుగున మునిగిపోయిన ఒక రాజ్యం దాకా సాగే కథ. నాయికకు పదిహేనేళ్లు. అంతా ఫోనులోనే టైపు చేశాను, 60 వేల మాటలు వచ్చింది. ఇంగ్లీషు రచయితలకు ఏజెంట్లు ఉంటారని విన్నాను. మనకు ఎవరున్నారు? ఒక ప్రచురణ సంస్థ వారు 90 వేల రూపాయలు కడితే 500 ప్రతులు వేసిస్తామన్నారు. ‘సర్వహక్కులూ ప్రచురణకర్తవే’ అని రాసిన కాగితం మీద సంతకం కూడా అడుగుతున్నారు. నాన్నగారు డబ్బు సర్దుతానంటున్నారు. ఏం చేయమంటారు? మొదటి అధ్యాయం జతపరిచాను.

జవాబు: అమ్మా, ముందుగా ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. అచ్చు ఖర్చు మీరే భరించి, హక్కులు కూడా మీరే వదులుకోవడం ఏ లెక్కన చూసినా సమంజసం కాదు. ఖర్చు మీదైతే హక్కులు, ప్రతులు, అమ్మకం సొమ్ము మీకే చెందాలి. హక్కులు వారికి కావాలంటే ఖర్చు వారు పెట్టుకొని మీకు రాయల్టీ, అంటే అమ్ముడైన ప్రతి పుస్తకం మీదా మీ వాటా, ఇవ్వాలి.

ఏజెంటు సంగతి. తెలుగులో ఆ వృత్తి వేళ్లూనలేదు కనుక రచయిత నేరుగా ప్రచురణకర్త గడప తొక్కుతాడు. ఏజెంటు లేడంటే అతను చేసే పనులు కూడా లేవని మన కొత్త రచయితలు అనుకుంటారు. అక్కడే నష్టపోతారు. రాతప్రతిని మొదట నిర్మొహమాటంగా చదివేది, ఎవరికి పంపాలో నిర్ణయించేది, ఒప్పందంలో ప్రతి వాక్యాన్ని పట్టిపట్టి చూసేది ఏజెంటే. ఈ మూడు పనులూ ఇక్కడ మీ నెత్తినే ఉంటాయి.

మొదటి పనిలో కొంత నేను చేసిపెడతాను. మీ మొదటి అధ్యాయంలో నాలుగు పేజీల పాటు ఆ మునిగిన రాజ్యపు వంశావళి నడిచింది. ఏడుగురు రాజుల పేర్లు వచ్చాయి, మీ నాయిక మాత్రం ఇంకా రాలేదు. ఐదో పేజీ చివర ఆ పిల్ల చెప్పులు చేత పట్టుకొని గుహ మెట్లెక్కుతుంది, గబ్బిలాల వాసనకు ముక్కు మూసుకుంటుంది, పడుకొని ఉన్న అనంతపద్మనాభస్వామి పాదాల దగ్గర రాయి తడిగా ఉందని గమనించి, వేసవిలో ఈ తడి ఎక్కడిదని తనలో తాను అనుకుంటుంది. ఆ తడి రాయి చదివాక నేను కాగితం పక్కన పెట్టలేకపోయాను. మీ నవల అక్కడ మొదలవుతోంది. రాజులందరినీ వెనక్కి జరపండి, అవసరం పడినప్పుడు ఒక్కొక్కరే వస్తారు.

మిగతా భాగాన్ని పన్నెండు నుంచి పదహారేళ్ల లోపు పిల్లలు నలుగురికి ఇవ్వండి. బాగుందా అని అడగకండి, మొహమాటానికి బాగుందనే అంటారు. ఎక్కడ ఆపి నిద్రపోయారో అడిగి, ఆ పేజీ అంకె రాసుకోండి. ఇద్దరు ఒకే చోట ఆగిపోయారంటే తిరగరాయవలసిన చోటు తెలిసినట్టే. మీ ఊళ్లోనే, బృందావన్ గార్డెన్స్ వేంకటేశ్వరస్వామి గుడిలో ఉన్న అన్నమయ్య గ్రంథాలయానికి కూడా ఒకసారి వెళ్లి రండి. పాత ‘చందమామ’ సంచికలు అక్కడ దొరుకుతాయేమో చూడండి. 1947 జులైలో మొదలైన ‘చందమామ’ ధారావాహికలతో మాంత్రికుల్ని, పాతాళాల్ని మన పిల్లలకు నెలనెలా అందించిన పత్రిక. ‘తరువాయి వచ్చే నెల’ అని ఎక్కడ ఆపేవారో గమనిస్తే అధ్యాయాన్ని ఎలా ముగించాలో తెలుస్తుంది. మన పాఠకుడికి అద్భుతకథ కొత్త కాదు. మధ్యలో కొన్నాళ్లు అందించేవాళ్లు తగ్గారంతే.

ఇక ఎవరికి పంపాలి? విజయవాడ ఏలూరు రోడ్డులో పుస్తకాల దుకాణాలకు వెళ్లి, పిల్లల నవలలు, సాహస కథలు ఎవరు వేస్తున్నారో లోపలి పేజీలు తిప్పి రాసుకోండి. మన దుకాణాల్లో కౌమార వయసు వారికంటూ వేరే అర పెట్టడం అరుదు. మీ పుస్తకం బొమ్మల కథల మధ్యకో, పెద్దల నవలల మధ్యకో పోయి, రెండు చోట్లా పరాయిదవుతుంది. అందుకని ‘పన్నెండేళ్లు దాటినవారికి’ అన్న మాట ప్రచురణకర్తకు రాసే ఉత్తరంలోనూ, రేపు ముఖచిత్రం మీదా ఉండేట్టు చూడండి. ఉత్తరం ఒక పేజీ మించకూడదు. దానికి ముగింపుతో సహా కథాసంగ్రహం రెండు పేజీలు, మొదటి మూడు అధ్యాయాలు జతచేస్తే చాలు. ముగింపు దాచి ఊరించడం పాఠకుడి దగ్గర చెల్లుతుంది గాని ప్రచురణకర్త దగ్గర చెల్లదు.

ఒప్పందం గురించి కాస్త విపులంగా చెప్పాలి. మన కాపీరైటు చట్టం 1957 నాటిది. దాని ప్రకారం మీరు రాసిన క్షణం నుంచే రచన మీది, నమోదు తప్పనిసరి కాదు. మీ జీవితకాలంతో పాటు ఆ తర్వాత 60 ఏళ్లు హక్కు నిలుస్తుంది. 19వ సెక్షను చెప్పేదేమిటంటే, హక్కుల బదిలీ కాగితం మీదే జరగాలి, దాని మీద మీ సంతకం ఉండాలి. ఎన్నేళ్లకో రాయకపోతే ఐదేళ్లకనీ, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికి మాత్రమేననీ అర్థం. హక్కు తీసుకొని ఏడాదిలోగా వాడుకోకపోతే, ఒప్పందంలో వేరే మాట లేనప్పుడు, అది తీరిపోయినట్టే. ‘సర్వహక్కులూ’ అన్న ఒక్క మాటలో అనువాదం, ఆడియో, సినిమా, వెబ్ సిరీస్ అన్నీ కొట్టుకుపోయే ప్రమాదం ఉంది. కాబట్టి ‘తెలుగు ముద్రిత పుస్తకం, ఐదేళ్లు’ అని మాత్రమే రాయించండి, మిగతావి మీ దగ్గరే ఉంచుకోండి. రాయల్టీ ఎంతో, ఏ ధర మీద లెక్కిస్తారో, లెక్క ఏ నెలలో పంపుతారో అంకెల్లో ఉండాలి. ముద్రిత ధర 300 రూపాయలై, దాని మీద పది శాతం ఒప్పుకుంటే ప్రతికి 30 రూపాయలు, వెయ్యి ప్రతులు అమ్ముడైతే 30 వేలు. ఈ లెక్క నాన్నగారికి కూడా చూపించండి.

ఎవరూ తీసుకోకపోతే సొంతంగా వేసుకోవడంలో చిన్నతనమేమీ లేదు. నవలలకు మామూలుగా వాడే డెమ్మీ సైజులో పేజీకి 200 మాటల చొప్పున మీది 300 పేజీలు వస్తుంది. ఫారానికి, అంటే ఒకేసారి అచ్చువేసి మడిచే పెద్ద కాగితానికి, 16 పేజీలు కనుక 19 ఫారాలకు, అంటే 304 పేజీలకు సరిపెట్టుకోండి. మొదట వంద ప్రతులు చాలు, డిజిటల్ ప్రెస్సులో అంత తక్కువ కూడా వేస్తారు. ఐఎస్‌బీఎన్ అనే, పుస్తకాన్ని గుర్తించే 13 అంకెల సంఖ్యను కేంద్ర విద్యాశాఖ కింద పనిచేసే రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది. రచయితే దరఖాస్తు పెట్టుకోవచ్చు, దాని పేరిట ఎవరైనా వేలు అడిగితే ఇవ్వకండి. దుకాణదారులు, పంపిణీదారులు కలిసి ధరలో మూడోవంతు నుంచి సగం దాకా తీసుకోవడం మామూలే కనుక ధర నిర్ణయించే ముందే అది కలుపుకోండి.

ప్రూఫుల దగ్గర, అంటే అచ్చుకు ముందు తప్పులు దిద్దడానికి ఇచ్చే పేజీల దగ్గర, మాత్రం ఏమరుపాటు వద్దు. మీరు ఫోనులో టైపు చేసింది యూనికోడ్, అంటే ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ ఒకేలా చదివే అక్షర పద్ధతి. చాలా డీటీపీ కేంద్రాల్లో ఇప్పటికీ పాత అను ఫాంట్లలోకి మార్చి పేజీలు కడతారు. ఆ మార్పిడిలో వత్తులు రాలిపోతాయి. నేను దిద్దిన ఒక నవలలో నాయిక పేరు జ్యోత్స్న. తకారం కింద ఉండవలసిన సకారపు వత్తు ఎగిరిపోయి, పుస్తకమంతా ఆ అమ్మాయి ‘జ్యోత్న’గా తిరిగింది. మొదటి ప్రూఫులో నాకూ ఆనలేదు, కన్ను తెలిసిన మాటను తానే పూరించుకుంటుంది. ఫాంటసీలో పేర్లు మీరు కల్పించినవి, తప్పు పడిందని మీకు తప్ప ఎవరికీ తెలియదు. రాజ్యాలు, మనుషులు, మంత్రాల పేర్లన్నీ ఒక కాగితం మీద రాసుకొని, దాన్ని పక్కన పెట్టుకొని మూడు ప్రూఫులు చూడండి. విజయవాడ పుస్తక మహోత్సవం సాధారణంగా జనవరిలో వస్తుంది. దానికి అందాలంటే నవంబరుకల్లా చివరి ప్రూఫు ముగియాలి. మీరు ఇంకా తిరగరాయవలసింది ఉంది కనుక ఈ జనవరి కోసం తొందరపడకండి.

ప్రశ్న: నేను విజయవాడ పటమటలో ఉంటాను. ఇంజనీరింగ్ చదువుతున్నాను. టీనేజీ పాఠకుల కోసం ఇంగ్లీషులో ఫాంటసీ రాస్తున్నాను. విదేశీ ఏజెంట్లకు పంపవచ్చా? ఒకాయన చదవడానికే ఫీజు అడిగారు.

జవాబు: నిరభ్యంతరంగా పంపవచ్చు. నవల పూర్తిచేసి, దిద్దుకున్న తర్వాతే పంపండి. తొలి నవలకు సగం రాతప్రతి చూపి ఎవరినీ ఒప్పించలేరు. పరిచయలేఖ, కథాసంగ్రహం, మొదటి కొన్ని పేజీలు పంపడం అక్కడి పద్ధతి. ఎన్ని పేజీలన్నది ఒక్కొక్క ఏజెంటుదీ ఒక్కో నియమం, దాన్ని తు.చ. తప్పకుండా పాటించండి. స్వదేశంలో అమ్మిపెట్టిన పుస్తకం మీద రచయితకు వచ్చేదానిలో 15 శాతం ఏజెంటు తీసుకోవడం వాడుక. మీకు రూపాయి రానిదే అతనికీ రాదు. చదవడానికి ఫీజు అడిగినాయనకు మర్యాదగా వద్దని రాయండి. తిరస్కారాలు పదులలో వస్తాయి, కొందరు జవాబే ఇవ్వరు. ఒప్పందం కుదిరాక కూడా పుస్తకం చేతికి రావడానికి ఏడాదిన్నర, రెండేళ్లు పట్టడం అక్కడ సహజం. ఆ కాలాన్ని రెండో నవలకు వాడుకోండి.

ప్రశ్న: సత్యనారాయణపురం నుంచి ఒక తండ్రిని రాస్తున్నాను. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న మా అబ్బాయి, వయసు 17, రాసిన నవలను ఒకరు ప్రచురిస్తామన్నారు. ఒప్పందం మీద వాడు సంతకం చేయవచ్చా?

జవాబు: చేసినా చట్టం ముందు నిలవదండీ. 18 ఏళ్లు నిండనివారు చేసుకునే ఒప్పందం చెల్లదు. అబ్బాయి తరఫున సంరక్షకులుగా మీరు చేయాలి. అయితే రచన మీద హక్కు మాత్రం అతనిదే, ఆ మాట ఒప్పందంలో రాయించండి. గడువు తక్కువ పెట్టుకోండి, మేజరయ్యాక తానే మళ్లీ నిర్ణయించుకుంటాడు. సంతకం పెట్టే ముందు ప్రతి పేరానూ అతని చేతనే పైకి చదివించి, అర్థం కానిదాన్ని ప్రచురణకర్తనే అడగనివ్వండి. మీ సంతకం పక్కన, చట్టం కోరకపోయినా, అతని చేత కూడా పేరు రాయించండి.